జంతువ్యాధుల పరిశోధన కోసం పశువైద్యుల చిత్రప్రదర్శన: ఎలా నిర్వహించాలి

హాలు వెతకడానికి ముందే డబ్బు ఎక్కడికి వెళ్తుందో తేల్చుకోండి. ‘జంతువ్యాధుల పరిశోధనకు’ అని ఊరుకుంటే కొనేవారి మనసుకు పట్టదు. ఒక వ్యాధి, ఒక పరిశోధక బృందం, వాళ్లకు కావాల్సిన ఒక పని చెప్పాలి: గాలికుంటు పరీక్షలకు కిట్లు, పిల్లుల ప్రాణాంతక వ్యాధి అయిన ఎఫ్‌ఐపీ నమూనాలు దాచే ఫ్రీజరు లాంటివి. చాలా సంస్థలు విరాళంలో కొంత పరిపాలన ఖర్చుల కింద మినహాయించుకుంటాయి. ఎంత శాతమో ముందే రాయించుకోండి. హాలు, బీమా, రవాణా ఖర్చులను దాతలు భరిస్తే ‘అమ్మకం మొత్తం నిధికే’ అని బోర్డు పెట్టొచ్చు. లేదంటే శాతం రాయండి. ‘లాభం నిధికి’ అని మాత్రం రాయకండి, ఆ లాభమెంతో కొనేవారికి తెలిసే దారి లేదు.

ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు బొమ్మలకు మించి తీసుకోవద్దు. ఫారంలో పేరు, మాధ్యమం, ఎత్తు × వెడల్పు, కనీస ధర, అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకెళ్లే తేదీ ఉండాలి. తైలవర్ణ చిత్రం పైకి ఆరినట్టున్నా లోపల పచ్చిగా ఉంటుంది. బబుల్ ర్యాప్ నేరుగా చుడితే బుడగల అచ్చు రంగులో దిగిపోతుంది. ముందు గ్లాసిన్ (రంగుకు అంటుకోని నున్నటి పలుచని) కాగితం చుట్టి, దాని మీద బబుల్ ర్యాప్ వేయండి. నీటిరంగుల బొమ్మకు, అద్దానికి మధ్య మౌంటు అట్ట తప్పనిసరి. అద్దం ఆనుకుంటే తేమ పట్టి కాగితం అతుక్కుపోతుంది.

పశువైద్యులకు మాత్రమే దొరికే ముడిసరుకు ఒకటుంది, జాగ్రత్త పడాల్సిందీ అక్కడే. హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఇయోసిన్) రంగులద్ది మైక్రోస్కోపులో చూసే కణజాలం గులాబీ, ఊదా రంగుల్లో గోడ మీద అద్భుతంగా ఉంటుంది. అయితే 30 × 40 సెం.మీ. ప్రింటుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 3,543 × 4,724 పిక్సెళ్లు కావాలి. ఫోనును ఐపీస్‌కు ఆనించి తీసిన ఫొటో అంత పెద్దదైతే అలుక్కుపోతుంది. ఎక్స్‌రేలకు యజమాని సంతకం తీసుకోండి, మూలల్లోని పేరు, కేసు నంబరు చెరిపేయండి. ఎముకలతో చేసిన కళాఖండమైతే జంతువు ఎలా చనిపోయిందో తెలిసినప్పుడే ఒప్పుకోండి: దొమ్మరోగం (ఆంథ్రాక్స్) స్పోర్లు, అంటే ఆ క్రిముల గట్టి బీజాలు, దశాబ్దాల తరబడి బతికుంటాయి. ఎముకను ఉడకబెడితే కొవ్వు లోపలికి ఇంకి తర్వాత పసుపెక్కుతుంది. సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లు మారుస్తూ నానబెట్టి కొవ్వు తీశాక 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఉంచండి. క్లోరిన్ బ్లీచ్ వద్దు, ఎముక గుల్లబారుతుంది. నమూనాలు నిల్వచేసే విషద్రావణం ఫార్మాలిన్ సీసాలను హాల్లోకి రానివ్వొద్దు.

తగిలించేటప్పుడు బొమ్మ నడిమధ్య నేల నుంచి 148 సెం.మీ. ఎత్తున ఉండాలి. 60 సెం.మీ. ఎత్తున్న బొమ్మకు, లాగి పట్టినప్పుడు తీగ పై అంచుకు 8 సెం.మీ. కిందుంటే, కొక్కెం ఎత్తు 148 + 30 – 8, అంటే 170. ఒక్క కొక్కేనికి బొమ్మ పక్కకు ఒరుగుతుంది, రెండు వేయండి. వెలుతురు నీటిరంగులకు 50 లక్స్, తైలవర్ణాలకు 200 లక్స్ చాలు.

వేలం చీటీ పద్ధతిలో (పాడే ధరను బొమ్మ దగ్గరి కాగితం మీద రాసేలా) పెడితే కనీస పెంపు 5 నుంచి 10 శాతం మధ్య ముందే అచ్చువేయండి, లేకపోతే చివరి గంటంతా చిల్లర పోటీతో గడిచిపోతుంది. అన్ని బొమ్మలకూ ఒకే సమయంలో గడువు ముగించొద్దు. ఒకటి పోగొట్టుకున్నవారు మరోదానికి పాడే వీలుండాలి. అమ్ముడైందని తెలిపే ఎర్ర చుక్కను డబ్బు చేతికొచ్చాకే అంటించండి. బొమ్మకిచ్చిన ధర అంతా విరాళంగా పన్ను లెక్కల్లోకి రాకపోవచ్చు కాబట్టి రసీదు మాటలు ఆడిటరుకు చూపించండి.

ఈ డబ్బుతో ఏమవుతుందని అడిగేవారికి రిండర్‌పెస్ట్ గురించి చెప్పండి. పశువుల మందలను తుడిచిపెట్టిన ఆ వ్యాధి భూమ్మీద లేదని 2011లో ప్రకటించారు. మశూచి తర్వాత మనుషులు నిర్మూలించిన రెండో వ్యాధి అదే. దాని వెనక వాల్టర్ ప్లౌరైట్ అనే పశువైద్యుడు తయారుచేసిన టీకా ఉంది. ఈ మాటలు ప్రవేశద్వారం దగ్గరే పెద్ద అక్షరాల్లో ఉంచితే ఇంకా మంచిది.

ప్రదర్శన ముగిసిన నెలలోపు సొమ్ము బదిలీ చేసి, సంస్థ ఇచ్చిన రసీదు నకలు ప్రతి కొనుగోలుదారుకూ, ప్రతి చిత్రకారుడికీ పంపండి. కిట్లో ఫ్రీజరో వచ్చాక దాని ఫొటో కూడా పంపండి.