ఆసియా మీదుగా బైకు ప్రయాణం: కాగితాల పని ఎక్కడ మొదలుపెట్టాలి

మ్యాపు మీద గీత గీసుకుని, ఆ గీత మీదున్న దేశాలన్నిటికీ వరసగా వీసాలకు దరఖాస్తు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గీత ఆఖరున గీయాల్సింది. ముందు తేల్చుకోవాల్సింది ఏ సరిహద్దులు తెరిచి ఉన్నాయో, వాటిలో బండిని ఎక్కడ రానిస్తారో. మనిషిని రానిచ్చిన చోటల్లా బండిని రానివ్వరు.

అజర్‌బైజాన్ 2020 మార్చిలో భూ సరిహద్దులు మూసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి, చేతిలో ఈ-వీసా ఉన్నా విమానంలో దిగాల్సిందే. మయన్మార్‌లో 2021లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక ఆ దేశాన్ని బండి మీద దాటే దారి మూసుకుపోయింది. అందుకే దక్షిణాసియా నుంచి థాయిలాండ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు బండిని ఓడలోనో విమానంలోనో పంపడమా, చైనా మీదుగా చుట్టి రావడమా అని తల పట్టుకుంటారు. భారత్, పాకిస్తాన్‌ల మధ్య అటారీ-వాఘా 2025 ఏప్రిల్‌లో మూతపడింది. కాబట్టి ఈ-వీసా తీసుకునే ముందు అది చెల్లే ప్రవేశ కేంద్రాల జాబితా చదవండి. అందులో విమానాశ్రయాలు మాత్రమే ఉంటే బండితో వెళ్లేవారికి ఆ వీసా దండగ.

దారి తేలాక అందులో అన్నిటికంటే మొండి దేశం ఏదో చూడండి. చాలామందికి అది చైనా. సొంత బండితో వెళ్లాలంటే అక్కడి ట్రావెల్ ఏజెన్సీ ద్వారా ముందే అనుమతులు తీసుకోవాలి, వెంట గైడు ఉండాలి, తాత్కాలిక నంబరు ప్లేటు, తాత్కాలిక లైసెన్సు పుచ్చుకోవాలి. టిబెట్ వెళ్తే దానికి విడిగా అనుమతి. కిర్గిజ్‌స్తాన్ వైపు నుంచి తొరుగార్ట్ కనుమ ఎక్కుతున్నారనుకోండి, గైడు అవతల ఫలానా రోజున ఎదురుచూస్తుంటాడు. ఆ సరిహద్దు వారాంతాల్లో పనిచేయకపోవచ్చు. శుక్రవారం దాటలేకపోతే సోమవారం దాకా ఆగాల్సి రావచ్చు. ఈలోగా కిర్గిజ్ గడువు తీరిపోతే ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకని ఆ తేదీని ముందు ఖాయం చేసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. తుర్క్‌మెనిస్తాన్ ట్రాన్సిట్ వీసాల్లాంటి తక్కువ రోజుల వాటికీ ఇదే లెక్క.

నేనైతే ఒక పెద్ద కాగితం తీసుకుని రెండు వరసలు గీస్తాను. పై వరస మనిషిది, కింది వరస బండిది. పై వరసలో వీసా గడువు జారీ అయిన రోజు నుంచా, దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచా అన్నది రాస్తాను. కింది వరసలో బండికి కస్టమ్స్ ఇచ్చే గడువు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లే ఎక్కువ. కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, రష్యా ఒకే కస్టమ్స్ కూటమిలో ఉన్నాయి. వాటి మధ్య దాటేటప్పుడు బండిని ఎవరూ పట్టించుకోకపోవచ్చు. మొదటి దేశంలో ఇచ్చిన తాత్కాలిక దిగుమతి పత్రమే, కూటమి దాటి బయటపడేదాకా నడుస్తుంది. అక్కడి అధికారి మీ వీసా తేదీనే అందులో వేసేస్తే, కౌంటరు ముందు నుంచి కదలకముందే ఎక్కువ గడువు అడగండి. తర్వాత అడిగితే వినేవాడుండడు.

ఇక కార్నెట్, అంటే బండిని అమ్మకుండా తిరిగి తీసుకెళ్తానని కస్టమ్స్‌కు హామీగా చూపించే పుస్తకం. భారత్, పాకిస్తాన్, ఇరాన్ లాంటి దేశాలకు ఇది కావాలి, మధ్య ఆసియా దేశాలకు అక్కర్లేదు. బండి రిజిస్టరైన దేశంలోని మోటారు క్లబ్బు దీన్ని ఇస్తుంది. బండి విలువనూ వెళ్లే దేశాలనూ బట్టి డిపాజిట్టో, బ్యాంకు గ్యారంటీయో అడుగుతుంది. గడువు ఒక్క సంవత్సరం. పుస్తకం ముందే తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే రోజులు వృథా అయినట్టే.

అందులో ఒక్కో పేజీ మూడు ముక్కలుగా ఉంటుంది. దేశంలోకి వెళ్లేటప్పుడు కస్టమ్స్ వాళ్లు ఒక ముక్క చించుకుని, పుస్తకంలో మిగిలే ముక్క మీద ప్రవేశ ముద్ర వేస్తారు. బయటికి వచ్చేటప్పుడు రెండో ముక్క చించుకుని, ఆ మిగిలిన ముక్క మీదే నిష్క్రమణ ముద్ర వేస్తారు. రెండు ముద్రలూ ఉంటేనే బండిని అక్కడ అమ్మేసుకోలేదని రుజువు. ఒకటి తప్పితే ఆ దేశం సుంకం కోసం క్లబ్బు మీద పడుతుంది, క్లబ్బు మీ డిపాజిట్టు మీద పడుతుంది. సంతకం, తేదీ, ముద్ర మూడూ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. వెనక వరసలో ఎంతమంది విసుక్కున్నా సరే.

కార్నెట్ చేతికొచ్చిన రోజునే దాన్నీ రిజిస్ట్రేషన్ పత్రాన్నీ పట్టుకుని బండి దగ్గర కూర్చోండి. ఫ్రేము మీది ఛాసిస్ నంబరు మట్టి తుడిచి, ఒక్కో అక్షరం పైకి చదువుతూ సరిచూడండి. పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు. కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నాయే. గుమాస్తా దాన్ని ఓ అని టైపు చేసి ఉంటే అప్పుడే మార్పించండి. ఇంజను నంబరు సంగతీ అంతే. బండి ఇంకొకరి పేరున ఉంటే, నోటరీ చేయించిన అధికార పత్రం వెంట ఉండాలి.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌లో రెండు రకాలున్నాయి. 1949 జెనీవా ఒప్పందం కిందిది ఏడాది చెల్లుతుంది, 1968 వియన్నా ఒప్పందం కిందిది గరిష్ఠంగా మూడేళ్లు. జపాన్ మొదటిదాన్నే ఒప్పుకుంటుంది, చైనా దేన్నీ ఒప్పుకోదు. ఏది తీసుకున్నా మోటారుసైకిల్ గడిలో ముద్ర పడిందో లేదో చూడండి. కారుకే ముద్ర కొట్టి ఇస్తే మీకు ఉపయోగం లేదు. తజికిస్తాన్‌లో పామీర్ హైవే మీద వెళ్లేవారికి గోర్నో-బదక్షాన్ ప్రాంతపు అనుమతి కూడా కావాలి. బీమా చాలా చోట్ల సరిహద్దులోనే కొనుక్కోవచ్చు.

పాస్‌పోర్టుకు ప్రయాణం ముగిశాక కూడా కనీసం ఆరు నెలల గడువూ, సరిపడా ఖాళీ పేజీలూ ఉండాలి.

తిరిగొచ్చాక కార్నెట్‌ను అలమరలో పడేయకండి. ఎక్కడైనా నిష్క్రమణ ముద్ర పడలేదని తేలితే, బండి ఇప్పుడు ఎక్కడుందో ధ్రువీకరించే పత్రం కూడా అందులోనే ఉంటుంది. కస్టమ్స్ అధికారికి బండి చూపించి దాని మీద సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ తర్వాత పుస్తకాన్ని క్లబ్బుకు అప్పగించి రసీదు తీసుకోండి. వాళ్లు సరిచూసి ఖాతా మూసేదాకా డిపాజిట్టు వెనక్కి రాదు.