వీడియోలు చూసి సారె మీద గిన్నెలు చేస్తున్నారా? ముందు కోసి చూడండి

యూట్యూబ్ పాఠాలతో కుమ్మరి సారె నేర్చుకునేవాళ్లకు ఒక మాట. మొదట్లో వచ్చిన గిన్నెలను ముద్దొస్తున్నాయని దాచుకోకండి. పచ్చిగా, ఇంకా సారె మీద ఉండగానే సన్నటి తీగతో నిలువునా రెండు ముక్కలు చేయండి. మన గిన్నె గోడ ఎంత మందం ఉందో ఏ వీడియో చెప్పదు. కోస్తే గుట్టంతా బయటపడుతుంది. సాధారణంగా అంచు పల్చగా ఉంటుంది, అడుగు గోడతో కలిసేచోట మన్ను లావుగా పేరుకుపోయి ఉంటుంది. గిన్నె బరువుగా తోచేది అందుకే. ఈసారి వేళ్లను ఆ మూలలోకి దించి, అక్కణ్నుంచే పైకి లాగండి. అసలు గిన్నెకు లోపల మూలే ఉండకూడదు, అడుగు నుంచి అంచు దాకా ఒకటే వంపు. కోసిన మన్ను ఎక్కడికీ పోదు, పిసికి మళ్లీ వాడుకోవచ్చు.

ఇంకోటి, వీడియోలో సారె ఎటు తిరుగుతోందో గమనించండి. జపాన్ వాళ్లది ఎక్కువగా గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది, అమెరికా వాళ్లది దానికి ఎదురు. ముల్లుకు ఎదురు తిరిగేదానికి గోడను కుడివైపు పట్టి లాగాలి, రెండోదానికి ఎడమవైపు. ఇది చూసుకోకుండా చేతులు మాత్రం కాపీ కొడితే మన్ను వేళ్లకు అడ్డం తిరుగుతుంది.

మన తిరుపతి ఎండలకు అంచు తొందరగా ఆరి పగులుతుంది, ప్లాస్టిక్ కవర్ కప్పి ఉంచండి. వీలైతే ఒకసారి పలమనేరు వెళ్లి టెర్రకోట పనివాళ్ల పక్కన కూర్చుని చూడండి. అక్కడ ఫాస్ట్ ఫార్వర్డ్ ఉండదు కదా!