శరణార్థుల కోర్టు తీర్పులను డేటాసెట్‌గా పెట్టే ముందు

తీర్పులు ఎలాగూ పబ్లిక్కే కదా, కలిపి ఒక ఫైల్ చేస్తే తప్పేంటి అనిపిస్తుంది. కానీ ఒక్కో కేసు వెతుక్కుని చదవడం వేరు, వేల కేసులు ఒక్క క్లిక్కుతో దిగిపోవడం వేరు.

• పేర్లు కొట్టేస్తే పని అయిపోయిందనుకోకండి. ఊరు, పార్టీలో పదవి, అరెస్టయిన తేదీ, పిల్లలెంతమంది, ఇవి చాలు తెలిసినవాళ్లు గుర్తుపట్టడానికి. పుట్టిన తేదీ, లింగం, జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంటే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని డేటా గోప్యత పరిశోధకురాలు లటాన్యా స్వీనీ 2000లోనే అంచనా వేశారు. పైగా ఇక్కడ వెతికేది ప్రకటనల కంపెనీ కాదు, శరణార్థులు ఎవరి నుంచి పారిపోయి వచ్చారో ఆ ప్రభుత్వమే కావచ్చు, దొరికేది అక్కడే ఉండిపోయిన అమ్మానాన్నలు కావచ్చు.

• కేసు నంబర్ తీసేయండి. దాంతో కోర్టు సైటులో వెతికితే పేరు వచ్చేయొచ్చు. ఫైల్ పేర్లు, మెటాడేటా (ఫైల్‌ను ఎవరు, ఎప్పుడు చేశారో లాంటి దాగి ఉండే సమాచారం) కూడా చూడండి (అందరూ మర్చిపోయేది ఇదే).

• అప్‌లోడ్‌కు ముందు ఇంకొకరితో చెక్ చేయించండి. 2022 నవంబరులో అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ ఐస్ పొరపాటున 6,000 మందికి పైగా వివరాలు తన సైటులో పెట్టేసింది. తర్వాత తీసేసినా, ఈలోపు దిగిన కాపీలు వెనక్కి రావు.

• అలాగని మొత్తం దాచేయొద్దు. ఒకే రకం కేసుల్లో జడ్జిని బట్టి ఫలితం ఎలా మారుతోందో బయటపడేది ఇలాంటి డేటాతోనే. నా ఉద్దేశంలో ఏ రకం కేసులు ఎన్ని అనే లెక్కల పట్టికలు అందరికీ ఇవ్వొచ్చు, ఒకరిద్దరే ఉన్న గళ్లు మాత్రం పక్క గళ్లతో కలిపేసి. తీర్పుల పూర్తి పాఠం మాత్రం అడిగిన పరిశోధకులకే, అదీ ఒప్పందం రాయించుకున్నాకే.