కొత్త కెమెరాతో పని – 6వ పాఠం: సైలెంట్ షట్టరు, దీపాల కింద చారలు

ఈ పాఠంలో ఫోకస్ గురించి రాస్తానని మాట ఇచ్చాను గాని, దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేయక తప్పడం లేదు. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా కొన్నవారికి దక్కే గొప్ప సుఖం చప్పుడు చేయని సైలెంట్ షట్టరేనని, సభల్లోనూ పెళ్లిళ్లలోనూ దాన్నే వాడమని 5వ పాఠంలో ఉత్సాహంగా రాశాను. ఆ మాట నమ్మి వెళ్లినవారిలో చాలామంది అడ్డంగా నల్లటి చారలు పడిన ఫోటోలు నాకు పంపారు. చెన్నై మైలాపూరులో కచేరీ తీసిన ఒకరి ఫోటోలో గాయని నుదుటి మీద ఒక చార, తంబురా మీద మరొకటి, వెనుక తెర మీద ఇంకొకటి ఉన్నాయి. వెలుగును ఫోటోగా మార్చే సెన్సర్ పాడైందనుకుని ఆయన కెమెరాను సర్వీసుకు కూడా ఇచ్చి వచ్చారు. ఆయన కెమెరాలో ఏ లోపమూ లేదు. లోపం నా పాఠంలోనే ఉంది.

నిజానికి ఈ దెబ్బ మీకన్నా ముందు నేను తిన్నాను. పన్నెండేళ్లు అద్దమున్న కెమెరాతో పనిచేసి, కొత్తది కొన్న రెండో వారంలోనే టి.నగర్‌లోని ఒక కళ్యాణ మండపంలో తెలుగువారి పెళ్లికి వెళ్లాను. జీలకర్ర బెల్లం ఘట్టమంతా చప్పుడు లేకుండా తీసి, కెమెరా వెనుక ఉన్న చిన్న తెర మీద చూసుకుని తృప్తిపడ్డాను. రాత్రి ఇంటికొచ్చి కంప్యూటరులో తెరిస్తే, నూట నలభై ఫోటోల్లో పెళ్లికూతురి తెల్లచీర మీద పసుపు, బూడిద రంగు పట్టీలు కనిపించాయి. ఆల్బమ్ చూసిన ఆమె తండ్రి, "ఏం బాబూ, ప్రింటు వేసేచోట సిరా అయిపోయిందా?" అని మర్యాదగానే అడిగారు. ఆ ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబు ఇక్కడ రాయదగింది కాదు.

షట్టరు స్పీడు (సెన్సర్ వెలుగును పుచ్చుకునే కాలం) అంటే ఏమిటో, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) ఎందుకు పెంచుతామో మీకు తెలుసు కాబట్టి నేరుగా కారణానికి వస్తాను. మెకానికల్ షట్టరులో రెండు తెరలు సెన్సర్ మీదుగా చాలా వేగంగా, సుమారు సెకనులో 250వ వంతు కాలంలో దాటిపోతాయి. సైలెంట్ షట్టరులో ఆ తెరలు కదలవు. సెన్సర్ తన వరుసలను పై నుంచి కిందికి ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోతుంది. మామూలు ధరలో దొరికే చాలా కెమెరాలలో ఈ చదువు ముగియడానికి సెకనులో 15వ వంతు నుంచి 60వ వంతు దాకా పడుతుంది. ఆలోగా దీపం పలుమార్లు వెలిగి మందగిస్తుంది. ఎవరో స్విచ్చి వేస్తూ ఆపుతూ ఉండగా మీరు ఒక పేజీని పంక్తి పంక్తిగా చదువుతున్నారనుకోండి: వెలుగున్నప్పుడు చదివిన పంక్తులు తెల్లగా, తగ్గినప్పుడు చదివినవి మసకగా అందుతాయి. మన చార అదే. కెమెరాను నిలువుగా పట్టుకుంటే చారలు కూడా నిలువుగా వస్తాయి. చార కెమెరాతో పాటు తిరిగిందంటే అది వెనుక కట్టిన తెర మీది మడతో నీడో కాదని గుర్తు.

ఇప్పుడు నన్ను నిజంగా విసిగిస్తున్న విషయం. కారణం కొంత తెలిసినవాళ్లు సైతం షట్టరు స్పీడును 1/60కో 1/125కో (సెకనులో 60వ, 125వ వంతుకు) పెట్టి, "అయినా చారలు పోలేదు" అని రాస్తున్నారు. ఈ 1/60 ఎక్కడిదని అడిగితే, ఏదో అమెరికా వీడియోలో చెప్పారంటారు. అమెరికాలో కరెంటు సెకనుకు 60 ఆవృత్తులతో వస్తుంది. మన దేశంలో 50. జపాన్‌లోనైతే తూర్పు భాగానికి 50, పడమటి భాగానికి 60 ఉన్నాయి, అక్కడివాళ్లు ఊరు మారినప్పుడల్లా లెక్క మార్చుకోవాలి. మనకు ఆ బాధ లేదు. ఒక్కో ఆవృత్తిలో కరెంటు రెండుసార్లు శిఖరానికి చేరుతుంది కాబట్టి దీపం సెకనుకు 50 సార్లు కాదు, 100 సార్లు మిణుకుమంటుంది. అంటే ఒక్కో మిణుకుకు 10 మిల్లీసెకన్లు. షట్టరు స్పీడు 1/100 అయితే సెన్సర్‌లోని ప్రతి వరుసకూ సరిగ్గా ఒక పూర్తి మిణుకు అందుతుంది. వరుస ఎప్పుడు మొదలైనా వాటా సమానమే. 1/50 అయితే రెండు పూర్తి మిణుకులు, 1/33కు దగ్గరగా మూడు. 1/125 అయితే 8 మిల్లీసెకన్లే దక్కుతాయి గనుక కొన్ని వరుసలకు మిణుకులోని ప్రకాశమైన భాగం, కొన్నింటికి మసక భాగం వచ్చి లేత చారలు మిగులుతాయి. 1/200లో అవి ముదురుతాయి. 1/60లో ఒక పూర్తి మిణుకు, మరో ముక్క పడతాయి. ఆ ముక్కే చిక్కు. కనుక మండపంలో అడుగుపెట్టగానే 1/100 లేదా 1/50 అని మనసులో అనుకోండి, ఆ వీడియోను మరిచిపోండి. కరెంటు పోయి మండపంవాళ్లు జనరేటరు వేస్తే సెకనుకు వచ్చే ఆవృత్తుల సంఖ్య కొద్దిగా అటూ ఇటూ జరగవచ్చు. అప్పుడు 1/50 మీద ఉండటం మేలు.

వేదిక వెనుక పెట్టే ఎల్ఈడీ తెరల సంగతి వేరు. అవి సెకనుకు వందల, వేల సార్లు వెలిగి ఆరుతాయి గనుక సన్నని గీతలు గుంపుగా పడతాయి, 1/100 వాటిని అన్నిసార్లూ మాన్పలేదు. మీ కెమెరాలో షట్టరు స్పీడును దశాంశాలతో సవరించుకునే సదుపాయం ఉంటే, తెర వైపు చూస్తూ గీతలు పలచబడే చోటు వెతకండి. లేకపోతే మెకానికల్‌కు మారండి.

మెనూలో "యాంటీ ఫ్లికర్" అని ఉండేది కూడా చాలామందిని మోసగించింది. మిణుకు శిఖరానికి చేరిన క్షణంలో షట్టరు పడేలా అది చూస్తుంది, కాని అనేక కెమెరాలలో మెకానికల్ షట్టరుతోనే పనిచేస్తుంది. సైలెంట్‌లో మెనూలో ఆ పేరు బూడిద రంగులోకి మారిపోయి ఉంటుంది, దాన్ని నొక్కుతూ కూర్చోవడంలో ప్రయోజనం లేదు. ఫ్లాష్ కూడా సైలెంట్‌లో వెలగదు, ఖరీదైన కొన్ని కెమెరాలలో తప్ప. 2021లో వచ్చిన నికాన్ జడ్ 9లో మెకానికల్ షట్టరే లేదు, దాని సెన్సర్ అంత త్వరగా చదువుతుంది; 2023లో ప్రకటించిన సోనీ ఏ9 మూడో తరంలో వరుసలన్నీ ఒకేసారి వెలుగు పుచ్చుకుంటాయి. మనలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి అవి కావు.

నా పద్ధతి చెబుతాను, నచ్చితే తీసుకోండి. పెళ్లిలో నేనిప్పుడు మెకానికల్ షట్టరుతోనే మొదలుపెడతాను: 1/100, ఎఫ్ 2.8 (లెన్సు తెరిచి ఉండే మేర), ఐఎస్ఓ ఆటోలో 6400 దాటకుండా. దీన్ని డయల్ మీది సి1లో (సొంత అమరికలు దాచుకునే స్థానంలో) భద్రపరుచుకున్నాను, వైట్ బ్యాలెన్సును (రంగుల ఛాయను సరిచేసే అమరికను) మాత్రం ఆటోకు వదలను. మాంగల్యధారణ వేళ గట్టిమేళం మోగుతుంటే మీ షట్టరు చప్పుడు పక్కనున్న వీడియో అబ్బాయికే వినపడదు, సైలెంట్ ఎందుకు? డిసెంబరు కచేరీలలో మాత్రం రాగాలాపన సాగేటప్పుడు మొదటి వరుసలో ఒక్క టిక్కుమన్నా తలలు తిరుగుతాయి, అక్కడ సైలెంట్‌కు మారి 1/100 దాటకుండా తీస్తాను. మృదంగం వాయించే వేళ్లు చెదిరినట్టు పడతాయి. ఆ చెదరడం నాకు ఇష్టమే. భరతనాట్యానికి 1/100 చాలదు. మెకానికల్‌లో 1/500 పెట్టి, నర్తకి అడుగు నేలను తాకే క్షణానికి నొక్కితే గజ్జెల మోతలో ఆ చప్పుడు కలిసిపోతుంది. ఆ వేగంలో ఫోటోకూ ఫోటోకూ వెలుగు కొంత మారుతుంది, అందుకని ఒక్కో భంగిమకు మూడు నాలుగు తీస్తాను.

అభ్యాసం ఈసారి కొంచెం శ్రమతో కూడినదే. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు ఎక్కడ దొరికితే అక్కడికి, వంటింటికో మెట్ల కిందికో వెళ్లండి. మిగతా దీపాలన్నీ ఆర్పి, తెల్లగోడను సైలెంట్ షట్టరుతో 1/1000 వద్ద తీయండి. ఫోటోలోని నల్లచారలను పై అంచు నుంచి కింది అంచు దాకా లెక్కపెట్టి 10తో గుణిస్తే, మీ సెన్సర్ చదవడానికి ఇంచుమించు ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుందో తెలుస్తుంది. మూడు చారలుంటే 30. తరువాత అదే గోడను 1/500, 1/200, 1/125, 1/100, 1/60, 1/50 వద్ద తీసి, మళ్లీ మెకానికల్‌లో అన్నీ తీసి, పద్నాలుగు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూడండి. సెన్సర్ చదివే ఆ మిల్లీసెకన్ల లెక్కను ఒక చీటీ మీద రాసి కెమెరా సంచిలో ఉంచుకోండి. వచ్చే పాఠంలో ఫోకస్ మొదలుపెట్టేముందు ఆ చీటీలోని అంకెతోనే పని ఉంది.