ఇంటి పైకప్పు మనమే చూసుకుందాం, 3వ పాఠం: చదరపు అడుగు రేటులో ఏముంది

పోయిన పాఠంలో మేడెక్కి పొడవు వెడల్పు కొలిచి, నీళ్ళు యాడ నిలుస్తున్నాయో సుద్దముక్కతో గుర్తు పెట్టి కాగితం మీద వేసుకోమన్నాను కదా, ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఈరోజు పనంతా దాంతోనే. మేడ మీద రేకుల షెడ్డు వేయించాలనుకునేవాళ్ళకి ఈ పాఠం. స్లాబు కారడం, వాటర్ ప్రూఫింగ్ సంగతి తర్వాత పాఠంలో చూద్దాం.

మనం మేస్త్రీని పిలవగానే అడిగే మొదటి మాట "అడుగు ఎంత అన్నా" అని. ఆయన ఒక నంబర్ చెప్తాడు, మనం ఇంకో ఇద్దరినడిగి తక్కువ చెప్పినాయనకి ఇచ్చేస్తాం. తప్పు అక్కడే జరుగుతాది, ఎందుకంటే అడుగు అంటే యాడ కొలిచిన అడుగో మనం అడగలేదు. మీ మేడ 20 కి 30 అనుకోండి, 600 చదరపు అడుగులు. చూరు రెండు పక్కలా అడుగడుగు బయటికి రావాలి కాబట్టి రేకు పొడవు 22 అడుగులు. రేకు వెడల్పు మూడున్నర అడుగులే అయినా ఒకదాని మీద ఒకటి ఎక్కించాక కప్పేది మీటరే, కాబట్టి 30 అడుగులకి 10 రేకులు పడతాయి. ఇప్పుడు గుణించండి, 10 ఇంటూ 3.5 ఇంటూ 22, మొత్తం 770. లెక్క కోసం ఒకాయన 150 అని రేకు కొలత మీద, ఇంకొకాయన 175 అని మేడ కొలత మీద చెప్పారనుకోండి. మొదటాయనది 1,15,500, రెండో ఆయనది 1,05,000. తక్కువ అనుకున్నదే ఎక్కువైంది. ఇందులో మోసం ఏం లేదు, ఇద్దరివీ మార్కెట్లో నడిచే పద్ధతులే, కానీ అడగాల్సింది మనమే.

రేటు తర్వాత రేకు. సిమెంటు రేకులు చవకగా వస్తాయి, ఎండకి ఇనప రేకంత కాలవు, కానీ చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటాది, కోసినప్పుడు లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ తెచ్చే రకం, పిల్లలు తిరిగే మేడ మీద నేనైతే వద్దంటాను. మిగిలింది కలర్ రేకు, అంటే తుప్పు పట్టకుండా పూత పూసి దాని మీద రంగు వేసిన ఇనప రేకు. దాని పేరు, రంగు తర్వాత, ముందు రెండు నంబర్లు అడగండి, మందం ఎంత, పూత ఎంత. గాల్వాల్యూమ్ అనే పూతలో 55 శాతం అల్యూమినియం, మిగతాది దాదాపు జింకు, ఏజెడ్ 150 అంటే చదరపు మీటరుకి రెండు పక్కలా కలిపి 150 గ్రాముల పూత. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊర్లవాళ్ళు దానికి తక్కువ పూత ఒప్పుకోవద్దు, ఉప్పు గాలి తినేస్తాది. సముద్రానికి దూరంగా ఉండే ఉదయగిరి పక్కకి ఆ బాధ తక్కువ, అక్కడ ఎండే పెద్ద సమస్య, కాబట్టి తెల్ల రంగుకి, వేడి ఆపడానికి రేకు కింద వేసే ఫాయిల్‌కి డబ్బు పెట్టండి.

మందం ఎట్టా పట్టుకోవాలంటే తూకం వేయండి. 1220 మిల్లీమీటర్ల వెడల్పున్న కాయిల్‌తో చేసిన రేకు 10 అడుగుల ముక్క మందం 0.50 మిల్లీమీటర్లు అయితే సుమారు 14 కిలోలు తూగుతాది, 0.40 అయితే సుమారు 11. షాపు ముందు కాటా ఉంటాది, సిగ్గుపడకుండా పెట్టించండి, ఎందుకంటే చేత్తో పట్టుకుంటే ఆ తేడా ఎవరికీ తెలీదు.

మాది నెల్లూరు జిల్లా కావలి. మొదటిసారి షెడ్డు వేయించినప్పుడు ఇవేవీ అడగలేదు నేను. సాయంత్రానికి పని అయిపోయింది, గ్రైండర్‌తో కోసిన ఇనప పొడి నీలం రేకుల మీదే వదిలేసి పొయ్యారు, రాత్రి మంచు పడింది, రెండు రోజులకి చూస్తే తట్టు పోసినట్టు రేకంతా ఎర్ర చుక్కలు. ఆ చుక్కలు కడిగితే పోలేదు, రెండేళ్ళకి ఒక్కో చుక్క కింద రంగు లేచింది. అందుకే ఇప్పుడు అందరికీ చెప్తున్నా, రేకుని గ్రైండర్‌తో కోయనివ్వొద్దు, రేకు కత్తెరతోనే కోయాలి, రంధ్రాలు వేసిన పొడి ఆరోజు సాయంత్రమే మెత్తటి చీపురుతో ఊడ్పించాలి.

స్క్రూల దగ్గర మీరు నిలబడి చూడాల్సిందే. స్క్రూ రేకు గట్టు మీద పడాలి, నీళ్ళు పారే కాలవలో కాదు. తల కింద నల్ల రబ్బరు వాషర్ ఉంటాది, ఈపీడీఎం అంటారు, బిగించినాక అది పైనున్న లోహపు బిళ్ళ అంచు దగ్గర కొంచెం కనపడితే సరిగ్గా బిగిసినట్టు, ఉబ్బి బయటికి పొర్లితే ఎక్కువ బిగించినట్టు, అది రెండు ఎండాకాలాలకి పగిలి కారడం మొదలుపెడతాది.

గాలి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. గాలి లెక్కలకి వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకి ఇచ్చిన వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, ఆరోజు మా వీధిలో ఒక షెడ్డు మూల రేకు ముందు లేచింది, దాని వెనకాలే వరసంతా లేచిపోయింది. గాలి రేకుని నొక్కడం కన్నా పైకి పీకడమే ఎక్కువ, కింద దూరి నెడతాది, పైనుంచి లాగతాది, ఆ పీకుడు మూలల్లో, చూరు దగ్గర ఎక్కువ. కాబట్టి అక్కడ ప్రతి గట్టుకీ స్క్రూ ఉండాలి, మధ్యలో గట్టు విడిచి గట్టు పర్లేదు. పర్లిన్ల మధ్య, అంటే రేకు కింద అడ్డంగా వేసే ఇనప కడ్డీల మధ్య, 4 అడుగులు దాటనివ్వొద్దు. స్తంభాల అడుగున ఉండే ఇనప పలకలు, అదే బేస్ ప్లేట్లు, పిల్లర్ల మీద పడేటట్టు చూసుకోండి, ఉత్త స్లాబు మీద కాదు.

ఇవన్నీ నోటిమాటగా వద్దు, తెల్ల కాగితం మీద ఇట్టా రాయించండి: "రేకు 0.50 మందం, ఏజెడ్ 150, రేకు కొలత మీద అడుగు రేటు ఇంత, స్క్రూలు, రిడ్జ్ (కప్పు కొన మీద మూత రేకు), గట్టర్ (వాన నీళ్ళు పోయే తొట్టి) కలిపి. పొడి ఊడ్చడం మా బాధ్యత. పదో వంతు డబ్బు మొదటి జడివాన చూసినాక." చివరి ముక్క దగ్గర కొందరు మొహం మాడ్చుకుంటారు, అయినా పట్టు వదలొద్దు. మనకి గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, పని జులై ఆగస్టుల్లో పెట్టుకుంటే ఆ పదో వంతు రెండు మూడు నెలలే ఆగుతాది. కుదిరితే మెటీరియల్ మీరే షాపుకి పోయి బిల్లుతో కొని, మేస్త్రీకి కూలీ ఒక్కటే మాట్లాడుకోండి, అడ్వాన్సు ఇరుక్కుపోయే బాధ ఉండదు.

ఈ వారం అభ్యాసం: మీ మేడకి ఎన్ని రేకులు పడతాయో పైన చేసిన లెక్కలాగే చేయండి. ఇద్దరు మేస్త్రీల రేట్లు తీసుకుని రెండిటినీ రేకు కొలత కిందకి మార్చి చూడండి. మూడేళ్ళ కిందట షెడ్డు వేయించుకున్న ఇల్లు మీ వీధిలో ఒకటి వెతికి, వాళ్ళనడిగి మేడెక్కి, పది స్క్రూల వాషర్లు చూసి ఎన్ని పగిలాయో రాసుకోండి, ఎవరు వేశారో కూడా అడగండి. 4వ పాఠం ఆ కాగితంతోనే మొదలవుతాది.