హైదరాబాద్ ఎండల్లో పై అంతస్తు ఇంటిని, ఇంట్లో మనుషుల్ని కాపాడుకోవడం ఎలా?

మధ్యాహ్నం ఎండకి అందరం జాగ్రత్తపడతాం, కానీ మనిషిని లోపల్నుంచి కుంగదీసేది రాత్రి వేడి. మా ఇల్లు బోరబండలో, పైన స్లాబు తప్ప ఇంకేమీ లేదు. మే నెలలో రాత్రి పదకొండింటికి కుర్చీ ఎక్కి సీలింగ్ ముట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా తగులుతుంది. కాంక్రీటు, తారురోడ్డు పగలంతా దాచుకున్న వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటాయి, పైగా ఏసీలు గదిలోని వేడిని వీధిలోకి తోస్తాయి. అదే సాయంత్రం కేబీఆర్ పార్కు పక్కనుంచి బండి మీద వెళ్తే ఒక్కసారిగా చల్లగాలి తగులుతుంది. అక్కడ చెట్లున్నాయి, మట్టి ఉంది. రాత్రి కూడా చల్లబడకపోతే ఒంటికి కోలుకునే టైమ్ ఉండదు. గుండె జబ్బు, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి ఇది మరీ ప్రమాదం.

ముందు డాబా సంగతి చూడండి. మార్చిలోనే శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. రాత్రంతా నానిన సున్నాన్ని వడకట్టి, కొంచెం ఫెవికాల్ కలిపి, ఎండ తగ్గాక రెండు మూడు పూతలు వేయండి. కళ్లలో పడకుండా చూసుకోండి. వానలకి పోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే. ఎండని తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్ అయితే ఖర్చెక్కువే కానీ కొన్నేళ్లు ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ లక్ష్యం ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు, అందులో 200 హైదరాబాద్‌లోనే. అద్దెకుంటే ఓనర్‌ని అడగండి, మొహమాటం వద్దు.

తర్వాత కిటికీలు. ఎండ ముదరకముందే మూసేసి, బయట గాలి చల్లబడ్డాక తెరవండి. పరదా లోపల కన్నా బయట కడితేనే ఎండ అద్దాన్ని తాకదు. కూలర్ పెడితే మాత్రం ఎదురు కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, లేదంటే గదంతా ఉక్కపోత.

దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, మజ్జిగ తాగుతూ ఉండండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, అన్నీ తలకొట్టు కొలతే, అంటే చెంచా అంచుకి సమంగా. గుండె, కిడ్నీ జబ్బులకి మందులు వాడేవాళ్లు ఎంత తాగాలో డాక్టర్ని అడగాలి.

ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. ఒకసారి సాయంత్రం మా అమ్మమ్మ నన్ను మా మావయ్య పేరుతో పిలిచింది, ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు. నేను జ్వరమనుకుని పారాసెటమాల్ కోసం వెతుకుతూ పది నిమిషాలు పోగొట్టాను. వడదెబ్బకి ఆ మాత్ర పనిచేయదు. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపే నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లు పోస్తూ ఫ్యాను కింద ఉంచండి, చంకల్లో, మెడ దగ్గర తడిగుడ్డలు పెట్టండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. చెమటలు పడుతున్నాయి కదా అని కూడా ఊరుకోవద్దు, ఎండలో పనిచేసి పడిపోయినవాళ్లకి చెమట ఉన్నా వడదెబ్బ కావొచ్చు.

ఇంటికి పడమటి వైపు అడుగు జాగా ఉన్నా తొలకరిలో ఒక కానుగో వేపో నాటండి. నడివేసవికి రెండూ కొత్త ఆకు తొడిగి ఉంటాయి, సరిగ్గా మనకి నీడ కావాల్సినప్పుడు. మొదలు చుట్టూ సిమెంటు పోయనివ్వకండి, నాటాక రెండు ఎండాకాలాలు నీళ్లు పోయండి.