విదేశంలో ఒక సెమిస్టర్: డబ్బు కట్టే ముందు క్రెడిట్ల సంగతి తేల్చుకోండి

ఆగస్టు సెమిస్టర్‌కి విదేశం వెళ్దామనుకునే పిల్లలు సంక్రాంతి దాటగానే కన్సల్టెన్సీల చుట్టూ తిరగడం మొదలుపెడతారు. మొత్తం డిగ్రీకే వెళ్లేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇది ఇక్కడ బీటెక్కో బీఎస్సీయో బీబీఏయో చదువుతూ, మధ్యలో ఒక సెమిస్టరో ఒక వేసవి కోర్సో బయటి ప్రోగ్రాం కంపెనీ ద్వారా విదేశీ యూనివర్సిటీలో చదివొచ్చి, ఆ క్రెడిట్లు మన డిగ్రీలో కలుపుకుందామనుకునేవాళ్ల కోసం. ఇందులో డబ్బు పోతే ఎలాగో సంపాదించుకోవచ్చు, ఏడాది పోతే జూనియర్లతో కూర్చోవాలి. ఆ రెండూ పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. కన్సల్టెన్సీ క్రెడిట్లు ఇవ్వదు, ఇవ్వలేదు. విదేశీ యూనివర్సిటీ ఇచ్చేది ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మీరు చదివిన కోర్సులు, వాటి గ్రేడ్లు, క్రెడిట్లు ఉన్న అధికారిక కాగితం. అందులోని కోర్సుని మీ మార్కుల మెమోలో ఎక్కించాలా వద్దా అని తేల్చేది ఇక్కడి మీ కాలేజీ, మీ యూనివర్సిటీ. "క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ గ్యారెంటీ" అని బ్రోషర్లో ఎంత పెద్ద అక్షరాలతో వేసినా ఆ గ్యారెంటీ ఇచ్చే అధికారం బ్రోషర్ వేసినవాళ్లకి లేదు. అందుకే మొదటి అడుగు కన్సల్టెన్సీ ఆఫీసు వైపు కాకుండా మీ హెచ్ఓడీ గది వైపు పడాలి.

మీ కాలేజీ అటానమస్ అయితే, అంటే సిలబస్, పరీక్షలు తనే చూసుకునేదైతే, అక్కడి అకడమిక్ కౌన్సిల్, బోర్డ్ ఆఫ్ స్టడీస్ దాకా వెళ్తే పని జరగొచ్చు. అఫిలియేటెడ్ కాలేజీ అయితే ప్రిన్సిపాల్ సరేనన్నంత మాత్రాన చాలదు, పైన యూనివర్సిటీ ఉంది. నెల్లూరు వైపు ఇంజనీరింగ్ కాలేజీలకి అనంతపురం జేఎన్‌టీయూ, ప్రకాశం వైపు వాటికి కాకినాడ జేఎన్‌టీయూ, డిగ్రీ కాలేజీలకి నెల్లూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్రకేసరి. మీరు చేరిన ఏడాది రెగ్యులేషన్ బుక్ తీసి క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ గురించి ఏం రాశారో మీరే చదవండి. ఒక్కో రెగ్యులేషన్‌లో ఒక్కోలా ఉంటుంది, సీనియర్‌కి జరిగింది మీకూ జరుగుతుందనుకోవద్దు.

ఆ తర్వాత అప్లికేషన్. "నేను విదేశం వెళ్తున్నాను, దయచేసి అనుమతించగలరు" అని రాస్తే దాని మీద "ఫార్వర్డెడ్" అని సంతకం పడుతుంది, దానికి ఏ విలువా లేదు. ఒక టేబుల్ గీయండి. ఎడమ పక్క అక్కడ చదవబోయే కోర్సు పేరు, కోడు, క్రెడిట్లు, క్లాసు గంటలు. కుడి పక్క దానికి బదులుగా ఇక్కడ మీ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు పోతుంది, దాని క్రెడిట్లు ఎన్ని. కింద మూడు ప్రశ్నలకి జవాబు రాయించుకోండి. అక్కడ కనీసం ఏ గ్రేడు రావాలి, ఆ గ్రేడు మీ సీజీపీఏలో కలుస్తుందా లేక పాసైనట్టు మాత్రమే చూపిస్తారా, ఏ కాగితాలు ఎప్పటిలోగా ఇవ్వాలి. ప్రతి కోర్సుకి సిలబస్ ప్రింటు జత చేయండి. అనుకున్న కోర్సులో సీటు దొరక్కపోవడం మామూలే కాబట్టి నాలుగు కోర్సులు కావాలంటే ఏడింటికి ఒప్పుకోలు తీసుకోండి. ఒక కాపీ కాలేజీ ఆఫీసులో కాగితాలు తీసుకునే తపాల్ సెక్షన్‌లో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఆ నంబరు లేకపోతే ఆరు నెలల తర్వాత మీ అప్లికేషన్ అసలు వచ్చిందో లేదో ఆఫీసులో ఎవరూ చెప్పలేరు.

కావలి వైపు అమ్మాయి ఒకతె, బాగా చదివేది. సార్ నోటిమాటగా "వెళ్లిరామ్మా, చూసుకుందాం" అంటే నమ్మి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆ సార్ వేరే కాలేజీకి మారిపోయారు, కొత్తాయన "రాతపూర్వకంగా ఏముంది?" అని అడిగారు. ఆయన అడిగింది తప్పేమీ కాదు. కానీ ఆ పిల్ల అక్కడ మంచి గ్రేడ్లు తెచ్చుకుని కూడా ఇక్కడ ఆ సెమిస్టర్ మొత్తం మళ్లీ చదివింది.

ఇక ప్రోగ్రాం కంపెనీ దగ్గరికి. ఏం అడగాలో చాలామందికి తెలియదు కాబట్టి ముఖ్యమైనది చెప్తాను. ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఎవరి పేరుంటుంది? కొన్ని ప్రోగ్రాముల్లో మీరు చదివిన యూనివర్సిటీయే ఇస్తుంది. కొన్నిటిలో మీరు చదివేది ఒక దేశంలో, ట్రాన్స్‌క్రిప్ట్ ఇచ్చేది వేరే యూనివర్సిటీ, దాన్ని "స్కూల్ ఆఫ్ రికార్డ్" అంటారు. కొన్నిటిలో కంపెనీ తన సొంత లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ ఇచ్చి ఊరుకుంటుంది, అది క్రెడిట్లకి పనికిరాదు. పాత ట్రాన్స్‌క్రిప్ట్ నమూనా ఒకటి పేరు చెరిపేసి చూపించమనండి, చూపించకపోతే లేచి వచ్చేయండి. ఆ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మీరే మెయిల్ పెట్టి, ఫలానా కంపెనీతో మీకు ఒప్పందం ఉందా అని అడగండి. మొహమాటపడాల్సిన పనే లేదు.

"యూజీసీ అప్రూవ్డ్" అంటారు. యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనలు ట్విన్నింగ్, జాయింట్ డిగ్రీ, డ్యూయల్ డిగ్రీల గురించి. ట్విన్నింగ్‌లో, అంటే డిగ్రీ ఇక్కడిదే అయినా కొంత చదువు విదేశంలో సాగే పద్ధతిలో, విదేశీ సంస్థ నుంచి 30 శాతం దాకా క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. కానీ అది మీ విద్యాసంస్థకీ ఆ విదేశీ సంస్థకీ మధ్య నేరుగా ఉండే ఒప్పందం. మధ్యలో ఒక కంపెనీ బోర్డు పెట్టుకుని ఫ్రాంచైజీలా నడపడానికి అందులో చోటు లేదు, ఆన్‌లైన్ కోర్సులకీ అది వర్తించదు. మీ కాలేజీకే అలాంటి ఒప్పందం ఉంటే అదృష్టం, దాని ద్వారానే వెళ్లండి, బయటి కంపెనీ అవసరమే లేదు.

క్రెడిట్ల లెక్క దగ్గర కూడా పిల్లలు దెబ్బతింటున్నారు. యూరప్‌లో ఈసీటీఎస్ అని వాళ్ల క్రెడిట్ లెక్క ఉంటుంది, సెమిస్టర్‌కి 30. అమెరికాలో సెమిస్టర్‌కి మామూలుగా 15. మన దగ్గర సుమారు 20. అంటే అక్కడి 6 ఈసీటీఎస్ కోర్సు చూసి ఇక్కడ ఆరు క్రెడిట్లు వస్తాయనుకుంటే మునిగినట్టే, సాధారణంగా దాన్ని అమెరికా లెక్కలో మూడుగా చూస్తారు, ఇక్కడ ఎంతగా చూస్తారో మీ వాళ్లు కాగితం మీద పెట్టాలి. మూడు వారాల సమ్మర్ స్కూల్‌కి ఒక సెమిస్టర్ విలువ వస్తుందని ఎవరైనా అంటే క్లాసు గంటలు లెక్కేయండి. మన దగ్గర మూడు క్రెడిట్ల థియరీ సబ్జెక్టంటే 45 గంటలు.

ఏ సెమిస్టర్‌లో వెళ్లాలి? నన్నడిగితే బీటెక్‌లో ఐదో ఆరో. ఏడులో క్యాంపస్ డ్రైవ్‌లు ఉంటాయి, ఎనిమిదిలో ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్. బ్యాక్‌లాగ్స్ ఉంటే అవి రాసేశాకే వెళ్లండి, సప్లీ డేట్లు మీ టికెట్ చూసి పెట్టరు. అమెరికాలో ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్ మామూలుగా డిసెంబరు మధ్యలో అయిపోతుంది, ఇక్కడ తర్వాతి సెమిస్టర్ ఎప్పుడు మొదలవుతుందో అకడమిక్ క్యాలెండర్ చూసుకోండి. జేఎన్‌టీయూ రూల్ ప్రకారం హాజరు 75 శాతం, కండోనేషన్‌తో (సరైన కారణం చూపి మినహాయింపు తీసుకుంటే) 65, అంతకన్నా తగ్గితే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. మీరు విదేశంలో ఉన్న రోజుల్ని ఆబ్సెంట్‌గా వేస్తారా, ఆ సెమిస్టర్‌ని ఎలా చూపిస్తారు అనేది కూడా ఆ కాగితంలోనే రాయించాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లలు మరీ జాగ్రత్త, అది హాజరుతో ముడిపడింది. స్కాలర్‌షిప్ సెక్షన్‌లో అడగకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఇక్కడి కాలేజీ ఫీజు ఆ సెమిస్టర్‌కి మాఫీ అవుతుందని కూడా అనుకోవద్దు, చాలాచోట్ల రెండూ కట్టాలి.

డబ్బు విషయం ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. మన వైపు పొగాకు వేలం డబ్బో, రొయ్యల డబ్బో, వరి డబ్బో చేతికొచ్చే టైము వేరు, ఆగస్టు ప్రోగ్రాం డిపాజిట్ గడువు వేరు. గడువు ముంచుకొచ్చిందని నాన్న బంగారం తాకట్టు పెట్టేలోపు రిఫండ్ రూల్ చదవండి. వీసా రాకపోతే ఎంత వెనక్కిస్తారు, ప్రోగ్రాం వాళ్లే రద్దు చేస్తే ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు. ట్యూషన్ ఫీజు వీలైనంతవరకు బ్యాంకు ద్వారా నేరుగా యూనివర్సిటీ ఖాతాకే పంపండి, కంపెనీ సర్వీసు ఫీజుకి జీఎస్టీ బిల్లు తీసుకోండి. ఎవరిదో సొంత నంబరుకి ఫోన్‌పే చేయమంటే చేయొద్దు, క్యాష్ అసలే వద్దు. ఏడాదిలో బయటికి పంపేది 10 లక్షలు దాటితే పైమొత్తం మీద బ్యాంకువాళ్లు టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు, అది రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటవుతుంది. బ్యాంకు లోన్ మీద వెళ్తే ఆ బాధ లేదు, కాకపోతే డిగ్రీ రాని ఒక్క సెమిస్టర్‌కి లోన్ ఇస్తారా అని బ్రాంచిలో ముందే కనుక్కోవాలి.

"బ్యాంకు బ్యాలెన్స్ మేం చూపిస్తాం" అనే మాట వినగానే ఆగిపోండి. తప్పుడు కాగితం పెట్టి దొరికితే అమెరికాలో జీవితాంతం, బ్రిటన్‌లో పదేళ్లు వీసాకి అడ్డం పడే నిబంధనలున్నాయి. ఆ మచ్చ మీ పాస్‌పోర్టు మీద పడుతుంది, బ్యాలెన్స్ చూపించినవాడి మీద కాదు. అలాగే అమెరికాకి విజిట్ వీసా మీద వెళ్లి క్రెడిట్ కోర్సు చదవడం కుదరదు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్తే, దానికి కావాల్సిన ఐ-20 అనే ప్రవేశ పత్రం యూనివర్సిటీ నుంచే రావాలి, డిగ్రీ పిల్లలు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు చదవాలి. యూరప్‌లో 90 రోజులు దాటితే మామూలు షెంగెన్ వీసా సరిపోదు.

పేరు సంగతి చిన్నదనుకోకండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, కాలేజీ రికార్డులో పేరు చివర్లో ఉంటే, విదేశీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద నాలుగో రకం పేరొస్తుంది. ఇక్కడ ఎగ్జామ్ బ్రాంచ్‌లో "ఇది నువ్వేనా?" అంటారు. అన్నీ పాస్‌పోర్టుకి సరిపోయేలా వెళ్లేముందే సరిచేయించుకోండి. ఒరిజినల్ మెమోలు ఏ కన్సల్టెన్సీలోనూ వదలొద్దు, స్కాన్ ఇవ్వండి చాలు.

జనవరి సెమిస్టర్‌కి వెళ్లేవాళ్ల వీసా పనులు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి, సరిగ్గా మన తుఫాన్ల కాలం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే కూడా తెగింది. ఒంగోలు నుంచి చెన్నై వెళ్లేవాళ్లకి అదే దారి. పొద్దున అపాయింట్‌మెంట్ పెట్టుకుని అర్ధరాత్రి రైలెక్కే పని పెట్టుకోవద్దు, వానలుంటే రెండు రోజుల ముందే చెన్నై చేరండి.

అక్కడికి వెళ్లాక విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. మొదటి వారంలో కోర్సు మారితే, అదీ ఒప్పుకున్న జాబితాలో లేనిదైతే, ఆ రోజే హెచ్ఓడీకి సిలబస్‌తో మెయిల్ పెట్టి జవాబు వచ్చాకే ఖాయం చేసుకోండి. అసైన్‌మెంట్లు, సిలబస్ షీట్లు పారేయొద్దు. లైబ్రరీ, హాస్టల్ బాకీ ఏదైనా మిగిలితే ట్రాన్స్‌క్రిప్ట్ ఆపేస్తారు, బయల్దేరే ముందే కట్టేయండి. ట్రాన్స్‌క్రిప్ట్ నేరుగా మీ కాలేజీకి సీల్డ్ కవర్లోనో ఎలక్ట్రానిక్‌గానో పంపించి, మీకంటూ ఒక కాపీ తెప్పించుకోండి.

తిరిగొచ్చాక మొదటి వారంలోనే పాత ఇన్‌వర్డ్ నంబరు వేసి కొత్త కవరింగ్ లెటర్‌తో ఎగ్జామ్ బ్రాంచ్‌లో ఇవ్వండి. ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, మీ క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతా)లో క్రెడిట్లు వేయాల్సింది మీ సంస్థే, అవి వాటంతటవే రావు. తర్వాతి సెమిస్టర్ పరీక్ష ఫీజు నోటిఫికేషన్ వచ్చేలోపు ఆ సబ్జెక్టులు మీ మెమోలో ఎక్కాయో లేదో చూసుకోండి. ఎక్కకపోతే అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని, సంతకాలున్న ఆ టేబుల్ పట్టుకుని, నేరుగా పరీక్షల కంట్రోలర్‌ని కలవండి.